లేబుల్ చూసి కొనే రికార్డు

ఎవరైనా రికార్డు ఎందుకు కొంటారు? అందులోని పాట ముందే విని ఉంటారు, లేదా పాడినవాళ్ల పేరు తెలిసి ఉంటుంది. జాజ్ రికార్డులు పోగుచేసేవాళ్లలో చాలామందికి ఇంకో అలవాటు కూడా ఉంది. వాయించిన మనిషి పేరు ఎన్నడూ వినకపోయినా, అట్ట మీద లేబుల్ పేరు, అంటే రికార్డు వేసిన కంపెనీ పేరు చూసి కళ్లు మూసుకుని డబ్బులిచ్చేస్తారు. అమెరికాలో బ్లూ నోట్, జర్మనీలో ఈసీఎం అలా కొనిపించుకున్న లేబుళ్లు. ఈ నమ్మకం ప్రకటనలతో వచ్చింది కాదు. ఎలా వచ్చిందో, ఎవరి మీద నిలబడిందో, ఎక్కడ తెగిందో చూస్తే సంగీత వ్యాపారం గురించి చాలా సంగతులు బయటపడతాయి.

తెలుగు శ్రోతలకు ఈ అలవాటు కొత్తగా అనిపించవచ్చు. మన ఇళ్లలో గ్రామఫోన్ పెట్టె ఉన్న రోజుల్లో రికార్డంటే కుక్క బొమ్మ, కుక్క బొమ్మ అంటే హెచ్‌ఎంవీ. సినిమా పాటలూ దాని మీదే, నాటక పద్యాలూ దాని మీదే, హరికథలూ దాని మీదే. కొలంబియా పేరుతో వచ్చిన రికార్డులు కూడా చాలాకాలం అదే కంపెనీ గొడుగు కిందివి. అన్నీ ఒకే కొట్లో దొరుకుతున్నప్పుడు ఆ కొట్టు పేరు చూసి, ఏ సరుకు బాగుంటుందో చెప్పలేం. అందుకే మనవాళ్లు మనుషుల పేర్లను నమ్మారు. ఘంటసాల పాడారంటే చాలు, సాలూరి రాజేశ్వరరావు సంగీతం అంటే చాలు. లేబుల్ మీద నమ్మకం పుట్టాలంటే ఆ లేబుల్ చిన్నదిగా ఉండాలి, ఏది వేయాలో ఏది వేయకూడదో ఒకరిద్దరు మనుషులే తేల్చాలి. బ్లూ నోట్ సరిగ్గా అలాంటిదే.

ఆల్‌ఫ్రెడ్ లయన్ 1908లో బెర్లిన్‌లో పుట్టాడు. కుర్రవాడిగా ఉన్నప్పుడే అక్కడికి వచ్చిన ఒక అమెరికన్ జాజ్ బృందాన్ని విని ఆ సంగీతానికి అతుక్కుపోయాడు. 1938 డిసెంబర్‌లో న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో జరిగిన ఒక పెద్ద కచేరీలో ఆల్బర్ట్ అమ్మన్స్, మీడ్ లక్స్ లూయిస్ అనే ఇద్దరు పియానో వాద్యకారులు బూగీ-వూగీ అనే జోరైన పియానో బాణీ వాయించగా విన్నాడు. రెండు వారాలు తిరిగేసరికి, 1939 జనవరి 6న, స్టూడియో అద్దెకు తీసుకుని ఆ ఇద్దరినీ రికార్డు చేశాడు. మాక్స్ మార్గులిస్ అనే రచయిత పెట్టుబడి సాయం చేశాడు. బ్లూ నోట్ మొదలైంది అలా.

అప్పట్లో జాజ్‌కు 10 అంగుళాల రికార్డు వాడేవారు. ఒక వైపున 3 నిమిషాలు దాటి పట్టేది కాదు. 12 అంగుళాల రికార్డును ఎక్కువగా పాశ్చాత్య శాస్త్రీయ సంగీతానికి ఉంచేవారు. లయన్ ఈ పియానో వాద్యకారులను 12 అంగుళాల మీదికి ఎక్కించాడు, వాళ్లకు ఇంకో నిమిషం, నిమిషంన్నర ఎక్కువ దొరికింది. వినడానికి చిన్న సంగతే. కానీ వాద్యకారుడు తన ఆలోచన పూర్తిగా వాయించి ఆపేదాకా ఆగాలన్న పట్టుదల మొదటి రోజే కనబడింది. తర్వాత ముప్పై ఏళ్లు బ్లూ నోట్ చేసినదంతా ఈ పట్టుదలకు కొనసాగింపే.

అదే ఏడాది లయన్ చిన్ననాటి స్నేహితుడు ఫ్రాన్సిస్ వుల్ఫ్ నాజీ జర్మనీ నుంచి తప్పించుకుని న్యూయార్క్ చేరాడు. అతను ఫొటోగ్రాఫర్. పగలు వేరే పని, సాయంత్రం లేబుల్ పని. రికార్డింగ్ జరుగుతున్నంతసేపూ కెమెరా పట్టుకుని అక్కడే ఉండేవాడు. సాక్సోఫోన్ పట్టుకున్న వేళ్లు, చెమట పట్టిన నుదురు, నల్లటి నేపథ్యం, సిగరెట్ పొగ. ఇప్పుడు జాజ్ అనగానే కళ్ల ముందు మెదిలే బొమ్మల్లో చాలావరకు అతను తీసినవే.

నమ్మకం పుట్టిన చోటు మాత్రం ఫొటోల్లో కనబడదు. అది రిహార్సల్. బ్లూ నోట్ తన వాద్యకారులకు రికార్డింగ్‌కు ముందు సాధన చేసుకోవడానికి కూడా డబ్బులిచ్చేది. ఈ పద్ధతి విలువ తెలియాలంటే పక్కనే ఉన్న ప్రెస్టీజ్ లేబుల్‌ను చూడాలి. రెండూ న్యూయార్క్ కంపెనీలే. 1950లలో రెండూ న్యూజెర్సీలోని హ్యాకెన్‌సాక్‌లో ఒకే స్టూడియోకు వెళ్లేవి, రెండింటికీ ఒకే రికార్డింగ్ ఇంజనీర్, చాలాసార్లు వాద్యకారులూ వాళ్లే. ప్రెస్టీజ్‌లో రిహార్సల్ ఉండేది కాదు. వచ్చినవాళ్లు అప్పటికప్పుడు ఏదో అనుకుని వాయించేవారు. అలా కూడా గొప్ప సంగీతం వచ్చిందన్న మాట ఒప్పుకోవాలి. 1956లో ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ బృందం కేవలం రెండు రోజుల్లో ప్రెస్టీజ్‌కు నాలుగు ఆల్బమ్‌లకు సరిపడా వాయించింది, అవి నేటికీ నిలిచాయి. కానీ ఆ బృందం రోజూ వేదికల మీద కలిసి వాయిస్తూ అప్పటికే పదును తేలి ఉంది. అలాంటి బృందం దొరకని రోజు రిహార్సల్ లేని రికార్డు అదృష్టం మీద ఆధారపడుతుంది. బ్లూ నోట్ తన సొంత డబ్బుతో ఆ అదృష్టం వంతును తగ్గించింది.

సాక్సోఫోన్ వాద్యకారుడు జాన్ కోల్‌ట్రేన్ ఈ తేడాకు మంచి ఉదాహరణ. 1957లో అతను ప్రెస్టీజ్‌తో ఒప్పందంలో ఉన్నాడు. ఆ ఏడాది సెప్టెంబర్ 15న, అదే హ్యాకెన్‌సాక్ స్టూడియోలో, బ్లూ నోట్ కోసం బ్లూ ట్రేన్ అనే ఆల్బమ్ చేశాడు. తన పేరు మీద ఆ లేబుల్‌కు అతను చేసింది అదొక్కటే. అంతకుముందు ప్రెస్టీజ్‌కు చేసినవాటితో పక్కపక్కన పెట్టి వింటే తేడా చెవికి తగులుతుంది. మూడు ఊదే వాద్యాలు కలిసి ఎత్తుకునే చోట ఎక్కడా తడబాటు లేదు. పాటల్లో ఒక్కటి తప్ప అన్నీ కోల్‌ట్రేన్ సొంతంగా కూర్చినవే. ముందు కూర్చుని సాధన చేసినవాళ్ల వాద్యం అది.

ఆ హ్యాకెన్‌సాక్ స్టూడియో నిజానికి ఒక ఇంటి ముందు గది. రూడీ వాన్ గెల్డర్ వృత్తిరీత్యా కళ్లు పరీక్షించే ఆప్టోమెట్రిస్ట్. రికార్డింగ్ పిచ్చితో తల్లిదండ్రుల ఇంట్లోనే మైకులు పెట్టాడు. బ్లూ నోట్‌తో అతని పని 1950ల మొదట్లో మొదలైంది. 1959లో ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో, ఎత్తైన చెక్క పైకప్పుతో, సొంత స్టూడియో కట్టుకున్నదాకా కళ్ల పరీక్షల ఉద్యోగం మానలేదు. సాక్సోఫోన్ మొహం మీద ఊదినట్టు దగ్గరగా వినిపించడం అతని ముద్ర. అతని రికార్డింగుల్లో పియానో పెట్టెలో పెట్టినట్టు వినిపిస్తుందని ఫిర్యాదు చేసేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఫిర్యాదులో నిజం ఉంది. అయినా కొనేవాడికి ఒక ధీమా ఉండేది. ఈ ఆల్బమ్‌లోని డ్రమ్స్ కిందటి ఆల్బమ్‌లో వినిపించినట్టే వినిపిస్తాయి, బేస్ అదే చోట ఉంటుంది. ఏం దొరుకుతుందో ముందే తెలుసు.

1956 నుంచి పదేళ్లకు పైగా రీడ్ మైల్స్ బ్లూ నోట్ అట్టలు గీశాడు. దాదాపు 500 అట్టలు అతనివే అంటారు. వుల్ఫ్ ఫొటోను అడ్డంగా కోసేసి, కన్నో చెయ్యో మాత్రం మిగిల్చి, పక్కన లావు అక్షరాలు పేర్చేవాడు. తన ఫొటోలను అలా కోస్తున్నందుకు వుల్ఫ్‌కు బాధగా ఉండేది. మైల్స్‌కు ఇష్టం శాస్త్రీయ సంగీతం, జాజ్ కాదు. లోపలి సంగీతం ఎలా ఉంటుందో లయన్ చెప్తే విని అట్ట గీసేవాడు. ఈ మాట ఆలోచించదగ్గది. కొట్లో అరమీద పెట్టిన వంద అట్టల్లోంచి బ్లూ నోట్ అట్టను దూరం నుంచే గుర్తుపట్టేవారు. అంటే కొనేవాడికి మొదట కనబడింది లయన్ వినికిడే, మైల్స్ గీతల్లోంచి.

నమ్మకం లేబుల్‌కు ఏం చేసిపెట్టింది? బ్లూ నోట్ కథలో ఇదే ముఖ్యమైన ప్రశ్న. పియానో వాద్యకారుడు థెలోనియస్ మంక్‌ను చూడండి. 1947లో, సాక్సోఫోన్ వాద్యకారుడు ఐక్ క్విబెక్ చెప్పగా, లయన్ మంక్‌ను అతని సొంత పేరు మీద మొదటిసారి రికార్డు చేశాడు. అతని వాద్యం అప్పటి శ్రోతలకు కొరుకుడు పడలేదు. రికార్డులు అమ్ముడుపోలేదు. అయినా 1952 వరకూ మళ్లీ మళ్లీ పిలిచి రికార్డు చేస్తూనే ఉన్నాడు. ఇంకో పియానో వాద్యకారుడు హెర్బీ నికల్స్ విషయంలో ఇంకా కష్టం. 1955, 56లలో బ్లూ నోట్ అతనిది బోలెడంత రికార్డు చేసింది, కొంత విడుదల చేసింది. ఎవరూ పట్టించుకోలేదు. 1963లో, 44 ఏళ్లకే అతను పోయాడు. మిగిలిన టేపులు వినేవాళ్లకు చేరడానికి దశాబ్దాలు పట్టింది. మంక్, నికల్స్ లాంటివాళ్లను మోయడానికి బలం ఎక్కడినుంచి వచ్చింది? లేబుల్ పేరు చూసి తర్వాతి రికార్డు కూడా కొనే వెయ్యో రెండు వేలో మంది నుంచి. వాళ్లు పెద్దగా లాభం ఇవ్వలేదు, కానీ ఈ నెల కూడా కొంటారన్న భరోసా ఇచ్చారు. లయన్ ఆ భరోసాను పేరు లేనివాళ్ల మీద ఖర్చుపెట్టాడు. పేరున్నవాళ్ల మీద మాత్రమే ఖర్చుపెట్టే లేబుల్‌ను కళ్లు మూసుకుని కొనాల్సిన అవసరం ఎవరికీ ఉండదు, వాళ్ల పేర్లు చూసే కొనుక్కోవచ్చు.

కాదన్నవీ అంతే ముఖ్యం. లయన్ డబ్బు ఖర్చుపెట్టి రికార్డు చేయించి కూడా, నచ్చక లేదా అప్పటికి సందర్భం కాదనుకుని, చాలా సెషన్లు అల్మారాలో ఉంచేశాడు. 1970ల మధ్యలో మైకేల్ కస్కూనా అనే నిర్మాత ఆ టేపులు దాచిన గదిలోకి వెళ్లి చూస్తే గ్రాంట్ గ్రీన్, హ్యాంక్ మోబ్లీ వంటివాళ్ల పూర్తి ఆల్బమ్‌లే బయటపడ్డాయి. ఇంకో లేబుల్‌కు అవి ముందు వరస సరుకు.

1964లో ట్రంపెట్ వాద్యకారుడు లీ మోర్గాన్ ఆల్బమ్ ది సైడ్‌వైండర్ బ్లూ నోట్ అంతవరకూ చూడనంతగా అమ్ముడైంది. చిన్న లేబుల్‌కు హిట్ వస్తే సంబరమే అనుకుంటాం. కానీ పంపిణీదారులు మళ్లీ అలాంటిదే కావాలని ఒత్తిడి పెట్టారు. ఆ తర్వాత బ్లూ నోట్ ఆల్బమ్‌లు ఎన్నో అదే తరహా పాటతో మొదలవడం ఆ కాలపు రికార్డులు వరుసగా వింటే తెలిసిపోతుంది. 1965-66లో లయన్ లేబుల్‌ను లిబర్టీ రికార్డ్స్‌కు అమ్మేశాడు. 1967లో పని మానేశాడు. వుల్ఫ్ 1971లో చనిపోయేదాకా కొనసాగాడు.

అమ్మకం తర్వాత కలెక్టర్ల ప్రవర్తనే అసలు సంగతి చెప్తుంది. పేరు మారలేదు, రికార్డు మధ్య అంటించే నీలం-తెలుపు లేబుల్ కాగితం మారలేదు, టేపులు అవే. కానీ వాళ్ల నమ్మకం పేరును వదిలి గుర్తుల మీదికి పోయింది. పాత బ్లూ నోట్ రికార్డు చేతికొస్తే కలెక్టర్ ముందు దాన్ని దీపం కింద వాలుగా పట్టుకుంటాడు. పాట అయిపోయాక సూది తిరిగే నున్నటి నల్లటి పట్టీ ఉంటుంది కదా, లేబుల్ కాగితానికీ గాళ్లకీ మధ్య. అక్కడ గీతలు వెతుకుతాడు. వాన్ గెల్డర్ తన చేత్తో కోసిన (అంటే టేపులోని పాటను గాడిగా చెక్కిన) రికార్డయితే ఆర్‌వీజీ అనో, వాన్ గెల్డర్ అనో ఉంటుంది. ఇంకాస్త తిప్పితే చిన్న చెవి బొమ్మలాంటిది కనబడుతుంది. అది చెవి కాదు, ప్లాస్టిలైట్ అనే న్యూజెర్సీ ఫ్యాక్టరీ వాళ్లు రాసిన ఇంగ్లిష్ పి అక్షరం. కలెక్టర్లందరూ దాన్ని చెవి అనే పిలుస్తారు. లిబర్టీ వచ్చాక రికార్డులు అచ్చు వేసే పని వేరే ఫ్యాక్టరీలకు మారింది, చెవి పోయింది. లేబుల్ కాగితం మీద అచ్చు వేసిన చిరునామా కూడా చూస్తారు: లెక్సింగ్టన్ అవెన్యూదా, వెస్ట్ 63వ వీధిదా అని. వీధి నంబరును బట్టి ఏ కాలపు ముద్రణో తెలుస్తుంది. ఇదంతా కలెక్టర్ల చాదస్తం అని కొట్టిపారేయడం తేలిక. కానీ వాళ్లు వెతుకుతున్నది లయన్, వుల్ఫ్, వాన్ గెల్డర్ ముగ్గురూ ఉన్న గది ఆనవాళ్లు. కంపెనీ పేరును కొనుక్కోవచ్చు, ఆ గదిని కొనుక్కోలేరని వాళ్లకు తెలుసు.

1970ల బ్లూ నోట్ వేరే దారి పట్టింది. 1973లో వచ్చిన డొనాల్డ్ బర్డ్ ఆల్బమ్ బ్లాక్ బర్డ్ ఫంక్ బాణీలో సాగి అమ్మకాల్లో లేబుల్ పాత ఆల్బమ్‌లన్నిటినీ దాటేసింది. పాత శ్రోతలు మొహం తిప్పుకున్నారు. ఇరవై ఏళ్ల తర్వాత హిప్-హాప్ చేసేవాళ్లు ఆ ఆల్బమ్‌లనే వెతుక్కుని ముక్కలు తీసుకున్నారు. కాబట్టి ఆ సంగీతం చెడ్డదని తేల్చేయడం సరికాదు. కానీ పేరు చూసి కొన్న మనిషికి చెప్పకుండా లోపల సరుకు మారింది, అతను నొచ్చుకోవడంలో న్యాయం ఉంది.

చెప్పకపోవడం ఎంత ఖరీదైన తప్పో 2022లో బయటపడింది. మొబైల్ ఫిడెలిటీ అనే అమెరికన్ కంపెనీ పాత ఆల్బమ్‌లను అసలు టేపుల నుంచి మళ్లీ కోసి, పరిమిత సంఖ్యలో, ఎక్కువ ధరకు అమ్ముతుంది. కొనేవాళ్ల నమ్మకం ఒక్కటే: టేపు నుంచి రికార్డు దాకా మధ్యలో డిజిటల్ ఉండదని. మైకేల్ జాక్సన్ థ్రిల్లర్ ఆల్బమ్‌ను 40,000 కాపీలు వేస్తామని కంపెనీ ప్రకటించినప్పుడు కొందరికి అనుమానం వచ్చింది. అసలు టేపును అన్నిసార్లు తిప్పడం కుదిరే పనేనా? ఆ జులైలో, అరిజోనాలో రికార్డుల కొట్టు నడిపే ఒకాయన అడిగితే, కంపెనీ ఇంజనీర్లే ఒప్పుకున్నారు. 2011 నుంచే చాలా ఆల్బమ్‌లకు టేపును ముందు డిజిటల్ ఫైలుగా మార్చి, దాన్నుంచి రికార్డు కోస్తున్నారు. కేసులు పడ్డాయి, 2.5 కోట్ల డాలర్ల రాజీతో ముగిశాయి. విచిత్రమేమిటంటే, అంతకు ముందు రోజు దాకా అనలాగ్ (డిజిటల్ కలవని ధ్వని) అంటే ఇలా ఉండాలి అని కొనేవాళ్లు మెచ్చుకున్నది ఈ రికార్డులనే. ఆ ధ్వని ఒక్కరాత్రిలో పాడైపోలేదు. చెవికి తేడా తెలియకపోయినా మోసపోయామన్న బాధ నిజమైనదే, ఎందుకంటే వాళ్లు ధ్వనితో పాటు ఒక మాటను కూడా కొన్నారు. ఆ తర్వాత ఇలాంటి రికార్డులు అమ్మేవాళ్లు టేపు ఎక్కడిది, ఎవరు కోశారు, మధ్యలో ఏముంది అన్నది స్పష్టంగా చెప్పక తప్పని పరిస్థితి వచ్చింది. 2019 నుంచి బ్లూ నోట్ టోన్ పొయెట్ పేరుతో వేస్తున్న పాత ఆల్బమ్‌లను కొనేవాళ్లు కూడా బ్లూ నోట్ అన్న పేరుతో ఆగడం లేదు. టేపు నుంచి కోసే ఇంజనీర్ కెవిన్ గ్రే, నిర్మాత జో హార్లీ పేర్లు చూసి కొంటున్నారు. నమ్మకం మళ్లీ మనుషుల దగ్గరికే వచ్చింది.

లండన్‌లో 1980లో మొదలైన 4ఏడీ లేబుల్‌దీ ఇదే దారి. దాన్ని పెట్టిన ఐవో వాట్స్-రస్సెల్ ఎంపిక, వాన్ ఆలివర్ అట్టలు, ఆ రెండూ ఉన్నన్నాళ్లు కాక్టో ట్విన్స్ అనే బృందం అభిమానులు ఆ లేబుల్ నుంచి ఏది వచ్చినా తీసుకునేవారు.

రాక్ గాయకుడు పీటర్ గేబ్రియల్ 1989లో ఇంగ్లండ్‌లో పెట్టిన రియల్ వరల్డ్ దగ్గర మాత్రం తెలుగువాళ్లు కాసేపు ఆగాలి. నుస్రత్ ఫతే అలీ ఖాన్ ఖవ్వాలీలతో ఆ లేబుల్‌కు యూరప్‌లో మంచి పేరొచ్చింది. ఆ పేరు చూసి 1994లో రామ శ్రీరామ అనే ఆల్బమ్ కొన్నవాళ్లకు దొరికింది పాలకొల్లు బిడ్డ యు. శ్రీనివాస్ మాండొలిన్. మరుసటి ఏడాది గిటార్ వాద్యకారుడు మైకేల్ బ్రూక్‌తో కలిసి చేసిన డ్రీమ్ వచ్చింది. కర్ణాటక సంగీతం అన్న మాటే తెలియని శ్రోత, అట్ట మీద లేబుల్ గుర్తును నమ్మి కొని, ఇంటికెళ్లి త్యాగయ్య కీర్తన విన్నాడు. లేబుల్ మీద నమ్మకం చేయగల మంచి పని ఏమిటో ఇంతకంటే దగ్గరగా చూపించడం కష్టం.

ఈసీఎం కథ ఇంకా నడుస్తోంది. మాన్‌ఫ్రెడ్ ఐషర్ చదువుకున్నది డబుల్ బేస్. 1969లో మ్యూనిక్‌లో లేబుల్ పెట్టాడు. మొదటి ఆల్బమ్ అమెరికన్ పియానో వాద్యకారుడు మాల్ వాల్డ్రన్‌ది. అప్పటి నుంచి 1,500కి పైగా ఆల్బమ్‌లు వచ్చాయి, చాలావాటిలో నిర్మాత అతనే. వాద్యకారులతో పాటు స్టూడియోలో కూర్చుని, రెండు రోజులు రికార్డు చేసి, మూడో రోజు మిక్సింగ్ ముగించడం అతని పద్ధతి. సీడీ పెట్టగానే ముందు ఐదు సెకన్ల నిశ్శబ్దం వస్తుంది. మొదటిసారి వినేవాడు యంత్రం ఆగిపోయిందేమో అనుకుంటాడు. అలవాటైనవాడికి ఆ ఐదు సెకన్లలో గది సద్దుమణుగుతుంది, కచేరీ మొదలయ్యే ముందు తంబూరా శ్రుతి కలిసేదాకా సభ ఆగినట్టు.

1975 జనవరి 24న జర్మనీలోని కొలోన్ (కోల్న్) ఆపెరా హౌస్‌లో పియానో వాద్యకారుడు కీత్ జారెట్ చేసిన కచేరీ ఈసీఎంను నిలబెట్టింది. కచేరీకి అనుకున్న పియానో రాలేదు, ఉన్నది చిన్నదీ, సరిగ్గా పలకనిదీ. పై స్వరాలు పలచగా ఉన్నాయని జారెట్ మధ్య స్వరాల్లోనే తిరుగుతూ, ఎడమ చేత్తో ఒకే వరుసను పట్టి పట్టి వాయించాడు. ఆ కచేరీ ఆల్బమ్ ది కోల్న్ కాన్సర్ట్ లక్షల్లో అమ్ముడై, ఒక్కడే వాయించిన పియానో ఆల్బమ్‌లలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైనదిగా పేరు తెచ్చుకుంది. ఐషర్ అక్కడితో ఆగలేదు. 1984లో న్యూ సిరీస్ అనే శాఖ తెరిచి, పశ్చిమ దేశాల్లో పెద్దగా ఎవరికీ తెలియని ఎస్టోనియా స్వరకర్త ఆర్వో పార్ట్ సంగీతంతో మొదలుపెట్టాడు. జాజ్ కోసం ఈసీఎం కొనేవాళ్లు, లేబుల్ ఒకటే కదా అని పార్ట్‌నూ కొన్నారు. లయన్ మంక్ మీద పెట్టిన ఖర్చు లాంటిదే ఇది, ఇంకా పెద్ద ఎత్తున. 1987లో జాకిర్ హుస్సేన్, హరిప్రసాద్ చౌరాసియా, జాన్ మెక్‌లాఫ్లిన్, యాన్ గార్బరెక్ కలిసి వాయించిన మేకింగ్ మ్యూజిక్ కూడా ఇదే లేబుల్ మీద వచ్చింది.

అన్నీ ఒకేలా చల్లగా, దూరంగా, పెద్ద గుడిలో వాయించినట్టు వినిపిస్తాయని ఈసీఎం మీద విమర్శ ఉంది. కొన్ని ఆల్బమ్‌లు నిజంగానే అలా ఉంటాయి. ఒక మనిషి ఇష్టాన్ని నమ్మినప్పుడు అతని హద్దులూ కలిసే వస్తాయి.

ఐషర్ 1943లో పుట్టాడు, ఎనభై దాటాయి. వేరే నిర్మాతలు చేసిన ఈసీఎం ఆల్బమ్‌లు ఇప్పటికే ఉన్నాయి, వాటిలో చాలా మంచివీ ఉన్నాయి. అయినా పాత కొనుగోలుదారులు కొత్త ఈసీఎం ఆల్బమ్ చేతికి తీసుకోగానే ముందు అట్ట వెనక్కి తిప్పుతారు. అడుగున సన్నటి అక్షరాల్లో, నిర్మాత పేరుండే చోట, మాన్‌ఫ్రెడ్ ఐషర్ అని ఉందో లేదో చూసుకుంటారు.